తెర కుట్టే పని

నడింపేట చర్చిలో బలిపీఠం వెనకున్న తెర ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి పైనుంచి కిందిదాకా చిరిగిపోతుంది, అవతల దేవుడు కనబడతాడు. సాయంత్రం కూడికలోగా దాన్ని కుట్టించడం సంఘపెద్దల బాధ్యత. మొదట్లో మందపాటి గుడ్డ వేసి చూశారు, తర్వాత టార్పాలిన్ తెప్పించారు. అదీ చిరిగింది. చివరికి టైలరు తబితను కుదుర్చుకున్నారు. కుట్టేటప్పుడు తల దించుకోవాలి, అవతలికి చూడకూడదు, దేవుడితో ఏమైనా చెప్పుకోవాలంటే పాస్టరు అయ్యగారి ద్వారానే చెప్పుకోవాలి. ఇందులో ఎవరికీ ఏ వింతా తోచలేదు. ఎవరుపడితే వాళ్ళు నేరుగా వెళ్ళిపోతే ఇక పెద్దలెందుకు?

ఆ శుక్రవారం తబిత మనసు మనసులో లేదు. కూతురు కెజియాకు కాన్పు కష్టమై, గుంటూరు ఆస్పత్రిలో ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళారు. ప్రార్థన విన్నపం ముందే ఇచ్చింది. కానీ మొదట కమిటీవాళ్ళవి, ఆ తర్వాత కానుకలిచ్చినవాళ్ళవి. తబిత వంతు ఆదివారం గానీ రాదు.

"ఆదివారందాకా ఆగుద్దా అండీ నా పిల్ల ప్రాణం?" అని సంఘపెద్ద ఫిలేమోనుగారిని అడిగింది.

"వరస తప్పితే ఎట్టాగమ్మా? ముందు తెర సంగతి చూడు, టైమవుతోంది," అని ఆయన బయట కుర్చీలు వేయించడానికి వెళ్ళాడు.

తబిత సూదిలో దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. కళ్ళనిండా నీళ్ళు.

"తబితా, ఏమైందమ్మా?"

పిలుపు చిరుగులోంచే వచ్చింది. ఇన్నేళ్ళూ తల ఎత్తని మనిషి ఆ రోజు ఎత్తింది. ఏం చూసిందో చెప్పడానికి తర్వాత కూడా ఆమెకు మాటలు చాలలేదు. వెలుగంది, కానీ కళ్ళకు గుచ్చుకోలేదంది. లోకాలన్నీ పుట్టించినవాడికి తన పేరు తెలుసు. తబిత మోకరించింది.

"అయ్యగారికి చెప్పానయ్యా," అంది, అలవాటుకొద్దీ.

"నాకు చెప్పు."

"నా బిడ్డ, తండ్రీ. దాన్ని నాకు దక్కించు." అంతకంటే పెద్ద ప్రార్థన ఆమెకు రాలేదు.

"విన్నాను," అన్నాడు దేవుడు.

ఆమె ఇంకా మోకాళ్ళ మీద ఉండగానే ఫోను మోగింది. "అత్తా, గండం గడిచింది! ఆడపిల్ల. కెజియా కళ్ళు తెరిచింది," అన్నాడు అల్లుడు. తబిత నేలకు నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. ఇంత దగ్గరున్నాడా! ఇన్నాళ్ళూ గుడ్డకు అవతలే ఉన్నాడా!

అంతలో వరండాలో ఫిలేమోనుగారి చెప్పుల చప్పుడైంది. తబిత కంగారుగా లేచి సూది అందుకుంది. ఎంత లాగినా తెర అంచులు కలవడం లేదు. అప్పుడు దేవుడే అవతలినుంచి రెండంచులూ దగ్గరికి చేర్చి పట్టుకున్నాడు. ఆ చేతుల్లో మేకుల మచ్చలున్నాయి.

"సూది గుచ్చుకుంటుంది తండ్రీ."

"కుట్టుకో అమ్మా. నాకు అలవాటే."

తబిత కుట్టింది. చివరి కుట్టుదాకా ఆయన అంచులు వదల్లేదు.

ఫిలేమోనుగారు వచ్చి తెర లాగి చూశాడు. "ఈసారి చక్కగా కుదిరిందే!"

"సాయం పట్టారండీ," అంది తబిత.

"ఎవరోగానీ మంచి పనిమంతుడు. వచ్చే వారం కూడా ఆయన్నే పిలుచుకో," అని ఆయన లైట్లు వేయడానికి వెళ్ళాడు.