అమలమ్మ బకెట్లు

తొంభై ఆరు వేసవిలో, బందరు కాలువకు నీళ్ళు కట్టేసిన మర్నాటి ఉదయమే, రిటైరైన కాన్వెంటు టీచరు అమలమ్మ గట్టున కుర్చీ వేయించుకుంది. బురద తేలిన కాలువను వీధివాళ్ళ చేతనే బాగు చేయించాలని ఆమె సంకల్పం. తన చిన్నతనంలో ఈ కృష్ణ నీళ్ళనే కడవలో పోసి, ఇండుపగింజ అరగదీసి, తేరుకున్నాక తాగేవారు. ధాన్యం పడవలు తెరచాపలెత్తి వస్తుంటే ఆడపిల్లలు గట్టు వెంట పరుగెత్తేవారు. ఇప్పుడదే గట్టున అందరూ ముక్కు మూసుకుని నడుస్తున్నారు.

అందుకే ఆమె ఒక నిబంధన పెట్టింది. బురదలో దొరికిన సామాను మీద ఎవరి పేరు చెక్కి ఉంటే, వాళ్ళ పేరు మైకులో చదవాలి. వాళ్ళు అందరి ముందూ గట్టు ఊడవాలి.

"ఎవరైనా సరే. మినహాయింపుల్లేవు" అని ప్రకటించింది.

కాలువలోకి దిగిన వీధి కుర్రాడు జాన్‌బాబు బురదలోంచి ఒక స్టీలు బకెట్ పైకి లాగాడు. మైకు పట్టుకున్న ఆటో దాదాపీర్ దాన్ని తుడిచి, హుషారుగా చదివేశాడు: "అమలమ్మ!"

అమలమ్మ కుర్చీలోంచి లేచింది.

"సరిగ్గా చూడవయ్యా!"

"చూశానండీ. ఇంటి పేరొక్కటే తక్కువ."

రెండో బకెట్ వచ్చింది. అమలమ్మ. మూడోదీ అమలమ్మే.

"టీచర్‌గారింట్లో స్నానానికేమన్నా మిగిలాయంటారా?" అన్నాడు వెనక నుంచి అంకమ్మరావు. నవ్వులు లేచాయి.

అమలమ్మకు సంగతి అర్థమైంది. తన దగ్గర చదివి, ఈ వీధిలోనే కాపురాలు పెట్టిన పిల్లలందరి పెళ్ళిళ్ళకూ ఆమె బకెట్లే ఇచ్చింది; వాడుక ప్రకారం ఇచ్చినవారి పేరు చెక్కించింది. ఆ పిల్లలే వాటి నిండా చెత్త తెచ్చి కాలువలో కుమ్మరిస్తూ చేజార్చుకున్నారు. అటు షాహీదా తల వంచుకుంది. ఇటు నాగదుర్గ ఆకాశంలోకి చూస్తోంది. నిలదీయవచ్చు, కాని బకెట్ల మీద ఉన్నది తన పేరే. తనకు తానే మినహాయింపు ఇచ్చుకుంటే, రేపు ఈ కాలువలోకి ఒక్కరూ దిగరు.

"చీపురిలా ఇవ్వు దాదాపీర్."

"మీరేంటండీ! కానుకిచ్చినోళ్ళది తప్పెలా అవుద్ది?"

"నిబంధనలో కానుకల ప్రస్తావన లేదు."

ఆమె వంగి నాలుగడుగులు ఊడ్చిందో లేదో, షాహీదా పరుగున వచ్చి చీపురు పట్టుకుంది. "ఆ మొదటిది నాది టీచర్!"

"నీదెట్లా అవుద్దే? ఆ సొట్ట మా అత్త పెట్టింది, అది నాది!" అంటూ నాగదుర్గ చీపురు లాగింది.

మూడోదానికి ఏకంగా ఐదుగురు తయారయ్యారు. నిన్నటిదాకా ఎవరివీ కాని బకెట్ల కోసం జుట్లు పట్టుకునేంత పనయింది.

"లైన్లో నిలబడండి!" అని అమలమ్మ గద్దించింది. పిల్లల తల్లులైన ఆ ఆడవాళ్ళంతా, ఎవరూ చెప్పకుండానే, ప్రార్థనకు నిలబడ్డట్టు ఎత్తు ప్రకారం నిలబడ్డారు. ఆమె కళ్ళజోడు తీసి, అవసరం లేకపోయినా తుడుచుకుంది.

మధ్యాహ్నానికి గట్టు శుభ్రమైంది. సాయంత్రానికి కాలువ అడుగున ఇసుక కనిపించింది.

ఆ తరువాతి పెళ్ళిళ్ళకు కూడా అమలమ్మ బకెట్లే ఇచ్చింది. చెక్కించింది మాత్రం పెళ్ళికూతురి పేరు, అత్తవారి ఇంటి నంబరుతో సహా.