కారుతోపాటు పోయిన కాలు

ఆ మంగళవారం కేశవులు వేసుకున్న పథకం చిన్నదే. పొద్దున్నే కల్లూరు నుంచి కారులో రాయచూరు వెళ్లాలి, డాక్టర్లకు చూపించుకుని వికలాంగుల కార్డు కొత్తది చేయించుకోవాలి, మధ్యాహ్నానికి ఇంటికి చేరాలి. పాత కార్డు గడువు ఆ రోజుతో సరి. అది లేకపోతే కారు అద్దానికి పెట్టుకునే పార్కింగ్ పాసు కూడా చెల్లదు.

ఆరేళ్ల కిందట నూర్పిడి యంత్రంలో పడి అతని ఎడమకాలు మోకాలి కింద పోయింది. పెట్టుడుకాలితో ఎంత సాఫీగా నడుస్తాడంటే, కొత్తవాళ్లు పోల్చుకోలేరు. భార్య ఉలిగెమ్మ భయమంతా అదే.

"డాక్టర్ల ముంగట జర కుంటుకుంట నడువు. మంచిగ నడిస్తే కార్డు ఇయ్యరు."

"లేని కుంటుడు నేను కుంటను," అన్నాడు కేశవులు ఇస్త్రీ ప్యాంటు సర్దుకుంటూ.

ఆఫీసు ఆవరణలో వికలాంగులకని నీలిరంగు వేసిన చోట కారు ఆపాడు. వరుసలో నిలబడటానికి ఉలిగెమ్మ కాగితాల సంచి తీసుకుని లోపలికి పరుగెత్తింది. పాసు ఆ సంచిలోనే ఉండిపోయింది.

కాపలాదారు మహదేవప్ప వచ్చాడు. "సార్, ఇది కాళ్లు లేనోళ్ల జాగ. కారు తియ్యుండ్రి."

"నాకూ ఒకటి లేదు."

"రెండు బూట్లు కనబడుతున్నయి గద!"

మహదేవప్ప ఇలాంటి మాటలు చాలా విన్నాడు. వెంటనే ట్రాఫిక్ వాళ్లకు ఫోన్ చేశాడు. కేశవులుకు ఒళ్లు మండింది. డ్రైవరు సీట్లోనే ప్యాంటు పైకి లాగి పెట్టుడుకాలి పట్టీ విప్పబోయాడు. ఆవేశానికి పట్టీ పుటుక్కున తెగి, బూటుతో సహా కాలు ఊడి చేతికొచ్చింది.

"యప్పా! తప్పాయె సార్, మాఫ్ చెయ్యుండ్రి!" మహదేవప్ప లెంపలేసుకున్నాడు. భుజమిచ్చి తీసుకెళ్లి వరండాలో ఫ్యాను కింద కూర్చోబెట్టి, చల్లటి నీళ్లు తెచ్చాడు. పట్టీ తెగిన కాలు సీటు మీదే ఉండిపోయింది. మర్యాదల హడావుడిలో ఫోన్ సంగతి అతనికి గుర్తే లేదు.

కేశవులు గ్లాసు ఎత్తేసరికి ట్రాఫిక్ బండి వచ్చి కారును కొక్కేనికి తగిలించుకుంది. మహదేవప్ప ఈల ఊదుతూ వెంటపడ్డాడు. తమకు దారి ఇప్పిస్తున్నాడనుకుని వాళ్లు ఇంకా వేగం పెంచారు.

అంతలో ఉలిగెమ్మ వచ్చింది. "లే, మన నంబరొచ్చింది. అయ్యో, కాలేది?"

"కార్ల ఉంది."

"కారేది?"

"పోలీసులు గుంజుకపోయిన్రు."

తల కొట్టుకునే తీరిక కూడా లేదు. చెరో వైపు భార్య, మహదేవప్ప పట్టుకోగా కేశవులు ఒంటికాలి మీద గెంతుతూ లోపలికి వెళ్లాడు.

"పెట్టుడుకాలు లేదా మీకు?" అంది డాక్టర్ హేమ.

"ఉంది మేడం. మంచిగ నడుస్త కూడా."

ఉలిగెమ్మ గట్టిగా గిల్లింది. డాక్టరమ్మ నవ్వింది. "ఎంత మంచిగా నడిస్తే మాత్రం పోయిన కాలు మొలుస్తుందా?" అంటూ సంతకం పెట్టేసింది. ఉలిగెమ్మ నెల రోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలింది.

బయటికి వచ్చేసరికి ట్రాఫిక్ బండి సైరన్ మోగిస్తూ వెనక్కి వస్తోంది. కానిస్టేబుల్ దుర్గేశ్ కిందికి దూకాడు. ముఖం పాలిపోయింది.

"కార్ల మనిషి కాలుంది! మనిషేడి?"

కేశవులు చెయ్యెత్తాడు. "నేనే సార్ ఆ మనిషిని."

దుర్గేశ్ మెట్ల మీద కూలబడి, కేశవులు తాగకుండా వదిలేసిన నీళ్లు గటగటా తాగేశాడు. తర్వాత కారును దించి, పాసు చూసి, పుస్తకం తీసి కన్నడంలో నిదానంగా రాశాడు: "కారు ఒకటి, ఎడమకాలు ఒకటి. యజమానికి వాపసు ఇవ్వడమైనది."