అమ్మకు సెలవెందుకండీ!

ఆటిజం ఉన్న బిడ్డను చూసుకునే తల్లికి సాయం చేయడమంత పాపం ఇంకోటి లేదు. మన ప్రభుత్వం ఆ పాపం మూటగట్టుకోనందుకు చేతులెత్తి మొక్కుతున్నాను!

నమ్మరా? మా అక్కనే తీసుకోండి. ఎదిగిన కూతురు. మిక్సీ వేసే ముందు ఆ పిల్లకు చెప్పాలి, కంచంలో ఒక కూర ఇంకోదానికి తగలకూడదు, కొత్త మనిషి ఉన్నట్టుండి గుమ్మంలోకి రాకూడదు. అన్నీ అక్కకు కొట్టిన పిండి. ఇంత పనిమంతురాలిని ఇంట్లోంచి కదిలిస్తారా ఎవరైనా?

ఈమధ్య అక్క కడుపులో గడ్డ ఉందని తేలింది. "ఇంకా ఆలస్యం చేస్తే నా చేతుల్లో ఉండదమ్మా" అంది డాక్టరమ్మ. డాక్టర్లకు పాలసీలేం తెలుస్తాయి, పాపం!

అక్క సంక్షేమ శాఖ ఆఫీసుకు వెళ్లింది. "ఓ వారం మా అమ్మాయి దగ్గర ఉండేందుకు ఎవరినైనా పంపండి సార్. ముందే ఒకట్రెండు సార్లు వచ్చి అలవాటు పడితే చాలు."

ఆఫీసరు గారి కళ్లు చెమర్చాయి. "అమ్మా, మీరు దేవత! మీ స్థానంలో ఇంకొకరిని పెట్టడానికి మేమెంతవాళ్లం?"

ఎంత వినయమండీ! "దేవతకి ఆపరేషన్ ఉంది సార్" అంది అక్క. ఆయనకు వినపడలేదు. భక్తిలో మునిగి ఉన్నారు.

అలాగని శాఖవారు చేతులు ముడుచుకు కూర్చున్నారనుకునేరు! ఇలాంటి పిల్లల కోసం ఆఫీసులోనే ఓ ప్రశాంత గది కట్టించారు. మెత్తటి గోడలు, మసక లైట్లు. ప్రారంభోత్సవానికి బ్యాండుమేళం పిలిపించారు. వచ్చిన పిల్లలంతా చెవులు మూసుకుని గేటు దాటారు. అప్పటినుంచీ గదికి తాళం. లోపల ఎంత ప్రశాంతతో! మనుషుల్ని పంపి పాడుచేసుకుంటారా?

నిన్న అక్కతో నేనూ వెళ్లాను. ఆఫీసరు గారు లేరు. ఆయన కుర్చీలో ఇంకొకాయన సంతకాలు పెడుతున్నారు.

"సారుకి జలుబండీ, సెలవు పెట్టారు. వచ్చేదాకా నేను చూస్తున్నా. మీ గురించి చెప్పారమ్మా, మీరు దేవతట కదా!"

"జలుబుకా?" అంది అక్క. అంతే. మెట్ల మీద కూర్చుని డాక్టరమ్మకు ఫోన్ చేసి ఆపరేషన్ మళ్లీ వాయిదా వేయించుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. తుమ్మిన మనిషి కుర్చీలోకి తెల్లారేసరికి ఇంకో మనిషి దొరికాడే! మా అక్క ఆ ఆఫీసులో గుమాస్తా అయ్యుంటే ఈపాటికి ఆ గడ్డ తీయించుకుని, మంచం మీద హాయిగా పడుకుని ఉండేది.