తల్లి నాలుకకు ప్రవేశ పరీక్ష

పిల్లకు అక్షరాలు రావాలంటే ముందుగాల తల్లి నాలుకకు ఆలివ్ నూనె రుచి తెలవాలె. ఇది శాస్త్రం. ఏ శాస్త్రమని అడగొద్దు. అడిగినోళ్ల పిల్లలకు సీట్లు రాలేదు.

హంటర్ రోడ్డు దిక్కున్న ఒక గ్లోబల్ బడిలో (పేరు రాస్తే మా తేజు సీటుకు ఎసరొస్తదని మా ఆయన రాయనియ్యలేదు) ఈ ఏడు నర్సరీ ప్రవేశాలకు కొత్త విధానం అమల్లోకి వచ్చింది. ఇదివరకు తల్లిదండ్రులను కూసోబెట్టి ఇంగ్లిష్‌ల ప్రశ్నలు అడిగేటోళ్లు. దాంతోని చదువుకున్నోళ్ల పిల్లలకే చదువు దొరుకుతాందని కొందరు మొత్తుకున్నరు. యాజమాన్యం ఆ బాధ అర్థం చేసుకున్నది. దయతలచి ఇంగ్లిష్ తీసేసి చాక్లెట్ పెట్టింది. చాక్లెట్‌ను ఆలివ్ కాయతోని, ఆలివ్ నూనెతోని కలిపి రుచి చూసి, జోడీ కుదిరిందా లేదా, కుదిరితే ఎందుకు కుదిరిందో తల్లి తెలుగులనే చెప్పొచ్చు. "చదువుతో పని లేదు, నాలుక ఉంటే చాలు" అని గేటు మీద ఫ్లెక్సీ కట్టిండ్రు.

ఆ ఫ్లెక్సీ చూసి నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నా చదువు ఇంటర్ ఫస్టియర్‌ల ఆగింది. నాలుక మాత్రం ఇప్పటిదాంక ఆగలేదు. కావాలంటే మా అత్తమ్మను అడగండి.

నా ఫికర్ ఒక్కటే. మా తేజస్వి చదువు నా లెక్క నడిమిట్ల ఆగొద్దు. ఆగకుండ ఉండాలంటే అసలు మొదలుగావాలె కదా. ("అన్ని బడులూ బడులే, ఊకె భయపడతవ్" అంటడు మా ఆయన శశాంక్. ఆయన డిగ్రీ పాసైండు. పాసైనోళ్లకు అట్లనే అనిపిస్తది.)

హనుమకొండల ఏ పరీక్ష పుట్టినా, దాని పురుడు వెళ్లకముందే కోచింగ్ సెంటర్ పుడుతది. ఇది ప్రకృతి ధర్మం. నక్కలగుట్టల "అభిరుచి అకాడమీ" అని బోర్డు లేచింది. షార్ట్ టర్మ్ ఉన్నది, లాంగ్ టర్మ్ ఉన్నది, పోయినసారి తప్పిన నాలుకలకు రిపీటర్స్ బ్యాచ్ ఉన్నది. (పరీక్ష పెట్టుడు ఇదే మొదటిసారి. అయినా అన్నిటికంటె ముందు రిపీటర్స్ బ్యాచే నిండింది.) పోయినేడు స్టేట్ ఫస్ట్ వచ్చిన నాలుక ఫోటో కూడా పెద్దగ వేసిండ్రు.

అకాడమీల చేరినంక తెలిసింది, ఇన్నేండ్లు నేను తిన్నదంతా తప్పుగ తిన్ననని. నూనెను చిన్న గ్లాసుల పోసి, గ్లాసును అరచేతుల పట్టి వెచ్చగ చేసి, వాసన చూడాలె. "మంచి వాసన" అనరాదు, అది సిలబస్‌ల లేదు. "అప్పుడే కోసిన పచ్చగడ్డి వాసన" అనాలె. ఆలివ్ కాయను కొరికి, గింజ తగిలిన కాడ ఆగి, ఆలోచించినట్టు కనవడాలె. చాక్లెట్‌ను నమలరాదు. నాలుక మీద కరగనియ్యాలె. పిల్లను ఒళ్లె కూసోబెట్టుకునుడు తప్పనిసరి, పిల్ల అడిగితే ఇచ్చుడు నిషేధం. (ఇది తల్లి ఏకాగ్రతకు పరీక్షట. పిల్ల ఏడుపుకు మార్కులు లేవు.)

అన్నిటికంటె కష్టమైన సబ్జెక్టు దగ్గు. అసలైన ఆలివ్ నూనె మింగితే గొంతుల జర మంటలేసి దగ్గు రావాలట. ఆ దగ్గు నూనెకు మనం చేసే మర్యాదట. నేను ఎనుమాముల మార్కెట్ పక్కన పుట్టి, మిర్చి బస్తాల నడుమ ఆడుకొని పెరిగినదాన్ని. యార్డుకు కొత్త మిర్చి వచ్చిన దినం బయటి ఊరోళ్లు ముక్కులకు కర్చీఫ్‌లు కట్టుకుంటరు, మేం అక్కడనే నిలవడి ఛాయ్ తాగుతం. నాకు నూనెకు దగ్గెక్కడికెల్లి వస్తది? నాకే కాదు, బ్యాచ్ మొత్తంల ఎవ్వలకూ రాలేదు. దాంతోని అకాడమీ వాళ్లు "వరంగల్ గొంతుల వెనుకబాటుతనం" మీద ప్రత్యేక తరగతి పెట్టిండ్రు.

"ఉత్తగనే దగ్గినట్టు చేస్తే కాదా?" అన్నడు శశాంక్.

"దొంగదగ్గు పట్టుబడితే మూడేండ్లు డిబార్ చేస్తరట."

"అప్పటికి తేజు ఒకటో తరగతి."

"నీకన్నీ నవ్వులాటనే."

ఇంట్ల ప్రాక్టీసుకు నూనె కావాలె. మాది కిరాణా దుకాణం. పల్లినూనె, నువ్వులనూనె, పామాయిల్ అన్నీ ఉన్నయి, ఇదొక్కటే లేదు. పక్కింటి సుమయ్యా చిన్న డబ్బా తెచ్చిచ్చింది.

"అక్కా, నువ్వడిగిన ఆలివ్ నూనె ఇదే, మేం జైతూన్ అంటం. మా నానమ్మ మోకాళ్లకు రాసుకుంటది. నువ్వు తాగుతవా ఏంది?"

"తాగుడు కాదే, రుచి చూసుడు."

"చూస్తే ఏమైతది?"

"తేజుకు సీటొస్తది."

సుమయ్యా డబ్బా వెనుక అటు తిప్పి ఇటు తిప్పి చదివింది. "పైపూతకు మాత్రమే అని రాసున్నది అక్కా. సీటు సంగతి రాయలె."

అందుకని నూనెను వాసన వరకే ప్రాక్టీసు చేసిన. ఆలివ్ కాయల సీసా శశాంక్ ఫోన్‌ల ఆర్డర్ పెట్టి తెప్పించిండు. మా అత్తమ్మ కమల మూత తీసి ఒక కాయ నోట్లేసుకొని కొరికింది. (గింజ కాడ ఆగి ఆలోచించింది. కోచింగ్ లేకుండనే.)

"ఉప్పుల ఊరేసిండ్రు గని కారం మర్శిపోయిండ్రు పాపం," అన్నది ఆఖరికి. "ఎవలో కొత్త కోడలు పెట్టినట్టున్నది."

అని నా దిక్కు చూసింది. సీసాల ఇంత కారం, ఇంత ఆవపిండి వేసి, పోపు పెట్టింది. రెండు పూటలల్ల సీసా ఖాళీ. నా ప్రాక్టీసు అక్కడితోని సమాప్తం.

పరీక్ష దినం వచ్చింది. పరీక్షాధికారి రమాకాంత్ సార్. ఆయన ఆ బడికి ఈత నేర్పెతందుకు వచ్చినాయన. ఈతకొలను తవ్వుడు ఇంకా మొదలుకాలేదు కాబట్టి ఆయనను రుచి విభాగానికి బదిలీ చేసిండ్రు. (రెండింటికీ ఊపిరి బిగవట్టుడే ముఖ్యమట.)

"ప్రశాంతంగా కూర్చోండి మేడం. బేబీ ఒళ్లో ఉందా? గుడ్. ముందు ఆయిల్."

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలె. దుకాణానికి కొత్త నూనె డబ్బా వస్తే మా అత్తమ్మ రెండు సుక్కలు అరచేతుల పోసుకొని, రుద్ది, వాసన చూస్తది. చూసినంక చేతికంటిన నూనెను గుడ్డకు తుడువదు, నూనెను గుడ్డపాలు చేస్తే లక్ష్మి అలుగుతదని. పక్కన ఎవల పిల్ల దొరికితే ఆ పిల్ల నడినెత్తికి పెట్టి అద్దుతది. డబ్బాలొచ్చే దినం మా గల్లీ పిల్లలు దుకాణం ముందటికెల్లి నడువరు, ఉరుకుతరు.

ఎదురుంగ పళ్లెంల చాక్లెట్, ఒళ్లె తేజు "అమ్మా, చాక్లెట్, అమ్మా, చాక్లెట్" అని ఏడుపు. పచ్చగడ్డి గుర్తులేదు, దగ్గు గుర్తులేదు. ఏం జేస్తున్ననో తెల్వకుండనే గ్లాసుల నూనె అరచేతుల ఒంపుకున్న. రుద్దిన. వాసన చూసిన. చూసి, మిగిలిన నూనెనంతా తేజు నడినెత్తికి పెట్టి, టప్పటప్ప అద్దిన.

తేజు ఏడుపు ఆపింది. రమాకాంత్ సార్ చేతిల పెన్ను కూడా ఆగింది.

"మేడం, ఇదేమిటి?"

"సార్... సల్వ చేస్తది సార్."

"అంటే, కూలింగ్ నోట్?"

"ఆ, అదే సార్."

"ఆలివ్?"

కొరికిన. గింజ కాడ ఆగిన. "జర కారం తక్కువైంది సార్."

"చాక్లెట్‌తో జోడీ కుదిరిందా?"

పళ్లెం దిక్కు చూస్తే చాక్లెట్ లేదు. నేనియ్యలేదు, తేజే తీసుకున్నది. కరగనియ్యలేదు, నమిలింది కూడా.

"సారూ, ఇంకోటి," అన్నది తేజు.

(ఆ దినం జోడీ మీద వచ్చిన స్పష్టమైన అభిప్రాయం అదొక్కటే.)

నియమాలల్ల లేని పనికి సున్నా వెయ్యాల్నా, నూటికి నూరు వెయ్యాల్నా అని కమిటీ కూసున్నది. కూసున్నది లేవలేదు. నాకు ఇంట్ల బువ్వ దిగుతలేదు. వాసన బాగనే చూసిన గని నెత్తికెందుకు పెట్టిన్నో అని నన్ను నేనే తిట్టుకున్న. "నీ కాలేజీ పోయినట్టు దీని బడి పోదు లేవే," అన్నడు శశాంక్. ధైర్యం చెప్పిన్ననుకున్నడు. ఆ మాట విన్నంక ఛాయ్ కూడా దిగలేదు.

ఫలితం వచ్చింది. "నాలుకతో మొదలై నడినెత్తితో ముగిసిన సంపూర్ణ ఆస్వాదన" అని మెచ్చుకుంటూ నాకు పూర్తి మార్కులు వేసిండ్రు. తేజుకు సీటొచ్చింది. నేను వంటింట్లకు పోయి తలుపేసుకొని ఏడ్చిన. అత్తమ్మ తలుపవతలికెల్లి "ఉల్లిగడ్డలు కూడ కొయ్యి ఇగ, కండ్లు ఎట్లయినా తడిసినయి కదా" అన్నది.

సంగతి తల్లుల వాట్సాప్ గ్రూపుల పాకింది. తర్వాతి బ్యాచ్‌ల ఎవ్వలూ నూనె నోట్లకు పోనియ్యలేదు. పిల్లలందరి నెత్తులు మెరిసిపోయినయి. అభిరుచి అకాడమీ "నడినెత్తి: సిద్ధాంతం, ప్రయోగం" అని కొత్త పాఠం చేర్చి, నా ఫోటో అడిగింది. తల్లికి, పిల్లకు జరమొచ్చి ఒక్కడే వచ్చిన తండ్రి ఒకాయన తన బట్టతలకే నూనె పెట్టుకున్నడట. ఆయనకు గ్రేస్ మార్కులిచ్చిండ్రు.

బడి మొదటి దినం. అత్తమ్మ తేజు నెత్తికి నిండుగ నూనె పెట్టి, రెండు జడలేసి, రిబ్బన్లు కట్టింది. తోటి పిల్లలకు పంచెతందుకు శశాంక్ దుకాణంలకెల్లి ఒక డబ్బా చాక్లెట్లు ఇచ్చిండు. గేటు కాడ రమాకాంత్ సార్ నిలవడ్డడు. ప్రవేశాలు అయిపోయినయి కాబట్టి ఆయన ఇప్పుడు క్రమశిక్షణ అధికారి.

"మేడం, తలకు ఆయిల్ నాట్ అలౌడ్. చాక్లెట్స్ అసలే నాట్ అలౌడ్."

"సార్, గీ నూనెకే గద మీరు నాకు పూర్తి మార్కులేసింది?"

"అది అడ్మిషన్ మేడం. ఇది ఎడ్యుకేషన్."

నడిమిట్ల ఆగొద్దని నేను మొక్కిన చదువు, మొదటి దినమే గేటు కాడ ఆగింది. తలస్నానం చేయించి రేపు తోలుకరమ్మన్నరు. తేజు ఆటోల నా ఒళ్లె కూసొని తొవ్వ పొడుగునా డబ్బా ఏదని అడిగింది. డబ్బాను సార్ బడిలనే జమ చేసుకున్నడు.

ఆ చాక్లెట్లను సార్‌వాళ్లు నమలకుండ, నాలుక మీద కరగనిచ్చే తింటరని నా నమ్మకం.