ఒక టిక్కు, ఒక శెభాష్

పార్టీ నియోజకవర్గం ఇన్‌ఛార్జి ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వస్తున్నాడన్న కబురు చెన్నకేశవులుకి సోమవారం పొద్దున పళ్ళు తోముకుంటుండగా అందింది. మండలాధ్యక్ష పదవి ఎవరికన్నది ఆ భోజనం దగ్గరే తేలుతుంది. పోటీలో ఉన్నది తనూ, వరసకి బావమరిది అయ్యే శ్రీకాంతూ. ఆ పదవి కోసం చెన్నకేశవులు జెండా మోశాడు, ఫ్లెక్సీలు కట్టించాడు, ఎండలో నిలబడి ఎవరెవరికో దండలు వేశాడు. ఈసారి రాకపోతే ఇక రాదని అతనికి తెలుసు. అందుకని నోట్లో వేపపుల్ల ఉండగానే ప్లాను వేసేశాడు. నాటుకోడికి చెప్పాలి, వసారాకి రంగు వేయించాలి, కుక్క నోరు మూయించాలి.

మొదటి రెండూ సులువే. మూడోదే చిక్కు. పండు అనే ఆ కుక్కకి తెల్లచొక్కా అంటే పడదు. ఊళ్ళో తెల్లచొక్కాలు తొడిగేది రాజకీయాల వాళ్ళే కాబట్టి దాని అభిప్రాయంతో ఏకీభవించేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, ఇన్‌ఛార్జి పంచె నుంచి చెప్పుల దాకా తెలుపే వాడతాడు.

చెన్నకేశవులు గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆయన ఎవర్నీ నమ్మడు. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడని, నవ్వకపోతే అవతలి వర్గంలో కలిశాడని అనుకుంటాడు. అలాంటి మనిషికి కూతురు భవిత ఒక చిన్న ప్లాస్టిక్ బిళ్ళ తెచ్చి చూపించింది. గుంటూరులో డిగ్రీ చదివే ఆ పిల్ల సెలవులకి ఇంటికొచ్చింది.

"దీన్ని క్లిక్కర్ అంటారు నాన్నా. పండు నోరు మూసుకుని పడుకుందనుకో, ఆ క్షణంలోనే నొక్కాలి." నొక్కి చూపించింది. టిక్కుమంది. "వెంటనే చికెన్ ముక్క పెట్టాలి. నువ్విప్పుడు చేసింది కరెక్టు, ముక్క వస్తంది అని దానికి అర్థమవుద్ది."

"ఆ ముక్క నోటితో చెప్పలేమా ఏంది?"

"చెప్పొచ్చు. అట్టా చేసేవాళ్ళూ ఉన్నారు. కాకపోతే ఒకటే మాట వాడాలి. ఆ మాట ఇంకెక్కడా వాడకూడదు. టిక్కు ఎప్పుడూ ఒకేలా ఉంటది, మన గొంతు అట్టా ఉండదు కదా."

"నేను శెభాష్ అంటా. నొక్కుడు బిళ్ళ నాకెందుకు?"

వంటింట్లోంచి భార్య సుకన్య అందుకుంది. "వాడుకోనీవే! ఈ ఇంట్లో ఆ మాట ఇంతవరకూ ఎవరినీ అనలా మీ నాన్న. కొత్త మాటే."

చెన్నకేశవులు ఆ ఎత్తిపొడుపు వినలేదు. బిళ్ళని అటూ ఇటూ తిప్పి, వెనక ఉన్న అక్షరాలు చూసి, "చైనాది. నొక్కితే సిగ్నలు యాడికి పోతదో ఎవడికి తెలుసు?" అని గోడ అవతలి మిరపచేలోకి విసిరేశాడు. ఆన్‌లైన్‌లో ఒకటి కొంటే ఒకటి ఫ్రీగా వచ్చిన సంగతి ఆయనకి తెలియదు. భవిత ఆ రెండోదాన్ని చున్నీ కొంగున కట్టుకుని, పండుని గొడ్ల చావిడి వెనక్కి తీసుకుపోయింది. అక్కడ దండెం మీద తెల్ల లుంగీ ఆరేసి, గోనెపట్టా పరిచి, పండుకి రహస్యంగా పాఠం మొదలుపెట్టింది.

మర్నాడు చెన్నకేశవులు చావిడి ఇవతల నిలబడి ఫోన్లో తన మనిషితో మాట్లాడుతున్నాడు. "శ్రీకాంత్ గాడి బలం మొత్తం నోట్లోనే ఉందిరా" అన్నాడు. టిక్కుమంది. మాట ఆపాడు. అటూ ఇటూ చూశాడు. గేదె నెమరు వేస్తోంది. "ఇన్‌ఛార్జి మాత్రం తక్కువోడా..." టిక్కు. ఫోను కట్ చేసి ఇంట్లోకి పరుగెత్తాడు.

"ఏమే, ఇంట్లో ఏదో చప్పుడొస్తంది. విన్నావా?"

"బల్లి అయ్యుంటది" అంది సుకన్య కందులు చెరుగుతూ.

"నేను శ్రీకాంత్‌ని తిట్టినప్పుడే అంటదా బల్లి?"

"అయితే నువ్వు అన్నది నిజమేలే."

ఆయనకి నవ్వు రాలేదు. ఎవరో తన మాటలు రికార్డు చేస్తున్నారు! ఆ అనుమానం వచ్చాక ఇంట్లో ప్రతి వస్తువూ ఆయన వైపే చెవి పెట్టి వింటున్నట్టు తోచింది. దేవుడి పటాలు కూడా తీసి వెనక చూశాడు. ఎలక్ట్రీషియన్ మౌలాలీని పిలిపించి, తలుపులు మూయించి, స్విచ్ బోర్డులన్నీ విప్పించాడు. ఒకదాంట్లో ఎండిపోయిన బల్లి దొరికింది. దాన్ని కూడా మౌలాలీ చేత తిరగేయించి చూశాడు.

"ఏం లేదు కేశవన్నా" అన్నాడు మౌలాలీ మరలు బిగిస్తూ. "అయినా ఈ రోజుల్లో గోడల్లో మైకులు ఎవురు పెడతన్నారు? ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి జేబులో పడేసుకుని వస్తే సరిపాయె. ఎదురుగా కూచుని టీ తాగతానే మొత్తం లాగేస్తారు. ఆడియోలు బయటికొచ్చి ఎంతమంది పదవులు ఊడలా!"

చెన్నకేశవులు ముందు మౌలాలీ జేబు వైపు చూశాడు. ఇతనికి ఇంత వివరంగా ఎలా తెలుసన్న అనుమానం కూడా వచ్చింది గానీ, బోర్డులన్నీ ఇంకా బిగించలేదు కాబట్టి పైకి అనలేదు.

ఆ రోజు నుంచి ఫోను వస్తే బోరు మోటారు దగ్గరికి పోయి, మోటారు వేసి, ఆ రొదలో మాట్లాడేవాడు. దొంగచాటుగా వినేవాళ్ళకి ఏమీ వినపడకూడదని ఏర్పాటు. అవతల ఫోన్లో ఉన్నవాళ్ళకీ ఏమీ వినపడేది కాదు. ఇన్‌ఛార్జి స్వయంగా ఫోన్ చేసి "నీమీద నాకు నమ్మకమేనయ్యా" అంటే, జవాబుగా బుడబుడమని నీళ్ళ చప్పుడు, మధ్యలో "తర్వాత... ఇప్పుడు కాదు... పక్కన ఉన్నారు" అన్న ముక్కలు చేరాయి. పక్కన ఎవరున్నారని ఇన్‌ఛార్జికి అనుమానం వచ్చింది. చెన్నకేశవులు అవతలి పార్టీ వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడుతున్నాడని సాయంత్రానికి మండలమంతా పాకింది. ఇన్‌ఛార్జి శ్రీకాంత్‌కి ఫోన్ చేసి, "ఆదివారం నువ్వు కూడా రా. ఎదురెదురుగానే తేల్చేద్దాం" అన్నాడు. ఇన్‌ఛార్జి తననెందుకు పిలిచాడా అని శ్రీకాంత్ కూడా రాత్రంతా అనుమానపడ్డాడు.

ఇవతల చెన్నకేశవులు పండుకి కొత్త విద్య మొదలుపెట్టాడు. పాత ఫోను ఒకటి దండెం మీది చొక్కా జేబులో దాచేవాడు. పండు వాసన పట్టి ఆ జేబుకి ముక్కు ఆనించగానే "శెభాష్!" అని ఉడికిన గుడ్డు ముక్క పెట్టేవాడు. తర్వాత లుంగీ మడతలో, తలగడ కింద, చివరికి జీతగాడి బొడ్లో కూడా దాచాడు. వారం తిరక్కుండా పండు ఎంతటి ఫోనునైనా పట్టేసే స్థితికి వచ్చింది. పొద్దున చావిడి వెనక టిక్కుకి చికెను, సాయంత్రం వసారాలో శెభాష్‌కి గుడ్డు. ఇద్దరు మేష్టర్లకీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. పండు ఎవరి దగ్గరా నోరు జారలేదు. ఒళ్ళు మాత్రం చేసింది.

ఆదివారం వచ్చింది. తెల్లకారులోంచి తెల్లబట్టల ఇన్‌ఛార్జి దిగాడు, వెనక ఇంకా తెల్లగా శ్రీకాంత్ దిగాడు. చెన్నకేశవులు గబుక్కున పండు వైపు చూశాడు. పండు గోనెపట్టా మీద పడుకుని, ఇద్దర్నీ చూసి, తోక ఒక్కసారి ఆడించి ఊరుకుంది. వచ్చినవాళ్ళ ఫోన్ల పని అన్నాలు అయ్యాక పండు చేత చల్లగా పట్టిద్దామని చెన్నకేశవులు అనుకున్నాడు. తలుపు కర్టెను చాటున భవిత చున్నీ కొంగులో బిళ్ళ పట్టుకుని నిలబడి ఉంది. పండు అంత బుద్ధిగా ఉన్నందుకు ఉండబట్టలేక ఒక్కసారి నొక్కింది.

టిక్కు.

వసారాలో అందరూ బిగుసుకుపోయారు. ఇన్‌ఛార్జి చెయ్యి తన చొక్కా జేబు మీదికి పోయింది. శ్రీకాంత్ చెయ్యి బొడ్డు దగ్గరికి పోయింది. చెన్నకేశవులు చెయ్యి గుండె మీదికి పోయింది. ఎవరి చెయ్యి ఎటు పోయిందో ఎవరూ చూసుకోలేదు.

"ఏందయ్యా ఆ చప్పుడు?"

"బల్లి అన్నా."

"చానా గట్టి బల్లే."

భోజనాలు మొదలయ్యాయి. అరిటాకుల్లో గారెలు, నాటుకోడి కూర. ఇన్‌ఛార్జి ఒక గారె తుంచి, కిందటి ఎన్నికల్లో తాను ఎవరి నోరు ఎలా మూయించాడో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ కథ మండలంలో వినని వాడు లేడు. చెన్నకేశవులు మాత్రం మొదటిసారి వింటున్నట్టు కళ్ళు పెద్దవి చేసి, "శెభాష్ అన్నా!" అన్నాడు.

పండు చెవులు నిక్కాయి.

"అప్పుడు నేనేమన్నానంటే..."

"శెభాష్!"

పండు లేచి నిలబడింది. శెభాష్ వినపడింది, గుడ్డు రాలేదు. మళ్ళీ వినపడింది, అయినా రాలేదు. గుడ్డు రాకపోవడానికి కారణం తానింకా ఫోను పట్టకపోవడమే అయ్యుంటుందని అది అనుకుంది. ఆ మాట ఇంట్లో ఎవరినీ అనని మనిషి బయటివాళ్ళకి ఇంత ధారాళంగా ఇస్తాడని దానికేం తెలుసు? మూడో శెభాష్ పడేసరికి ముందుకాళ్ళు ఇన్‌ఛార్జి తొడ మీద వేసి, చొక్కా జేబులో ముక్కు దూర్చి ఒక్క తోపు తోసింది. ఫోను జారి కోడికూర మధ్యలో పడింది. తెర మీద రికార్డింగ్ ఎర్రచుక్క వెలుగుతోంది, పక్కన అంకెలు పరిగెడుతున్నాయి.

"అదేంది... అదే నొక్కుకున్నట్టుంది" అన్నాడు ఇన్‌ఛార్జి.

ఇన్నాళ్ళ అనుమానం నిజమైనందుకు చెన్నకేశవులు పట్టలేకపోయాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. "శెభాష్ రా పండూ!" అని అరిచాడు. పండు వెంటనే శ్రీకాంత్ బొడ్డు మీద పడింది. అక్కణ్ణుంచి జారిపడిన ఫోన్లోనూ ఎర్రచుక్క వెలుగుతోంది.

"నాది కూడా అదే నొక్కుకుంది బావా" అన్నాడు శ్రీకాంత్ పంచె సర్దుకుంటూ.

"చూశావా అన్నా! ఎవరు ఎట్టాంటోళ్ళో చూశావా?" అని చెన్నకేశవులు లేచి నిలబడ్డాడు. అంతలో పండు తిరిగొచ్చి ఆయన గుండెకి ముక్కు ఆనించింది. చొక్కా లోపలి బనియను జేబుకి.

"పో... అవతలికి పో" అన్నాడు సన్నగా.

పండు కదల్లేదు. కుక్క నాన్న మీద పడుతోందేమోనన్న భయంతో, దాన్ని పట్టా మీదికి రప్పించాలని భవిత కర్టెను చాటు నుంచి బిళ్ళ నొక్కింది. తప్పు చేశానని నొక్కాక గానీ తెలియలేదు. టిక్కు అంటే 'నువ్విప్పుడు చేసింది కరెక్టు' అని కదా అర్థం! ఇంతవరకూ ఒకచోట శెభాష్, ఒకచోట టిక్కు విన్న పండుకి రెండూ ఒకే జేబు దగ్గర కలవడం అదే మొదలు. ఇక రెట్టించిన ఉత్సాహంతో జేబుని పీకి లాగింది. చెన్నకేశవులు ఫోను నేల మీద పడి, ఎర్రగా వెలుగుతూ, అందరి మొహాలూ చూసింది.

చెన్నకేశవులుకి భూమిలోకి కుంగిపోయినంత సిగ్గేసింది. "నాది గూడా..." అని మొదలుపెట్టి, ఆ మాట అప్పటికే ఇద్దరు వాడేశారని గుర్తొచ్చి ఆపేశాడు.

అప్పుడు వంటింట్లోంచి సుకన్య స్టీలు పళ్ళెంతో వచ్చింది.

"గారెలు చల్లారిపోతన్నయ్. ఫోన్లు ఇందులో పడేయండి, తిన్నాక ఇస్తా."

ముందు శ్రీకాంత్ వేశాడు. చెన్నకేశవులు వేశాడు. ఆమె ఇన్‌ఛార్జి ముందు ఆగింది. "మీరు గూడా అన్నయ్యా. ఆ కూర తుడిచి వేయండి." ఆయన తుడిచి వేశాడు. పళ్ళెం తీసుకుపోయి అలమరలో పెట్టి, అందరికీ మళ్ళీ వేడి గారెలు వడ్డించింది. అంత నిశ్శబ్దంగా భోజనం చేసిన రాజకీయ నాయకుల్ని ఆ ఊరు అంతకుముందు చూడలేదు.

చేతులు కడుక్కున్నాక ఇన్‌ఛార్జి చాలాసేపు తువ్వాలుతో తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"కేశవులూ, నీకిస్తే శ్రీకాంత్ ఆడియో బయట పెడతాడు. శ్రీకాంత్‌కిస్తే నువ్వు పెడతావు. మీ ఇద్దరికీ ఇవ్వకపోతే ఇద్దరూ కలిసి నాది పెడతారు." ఆయన వంటింటి వైపు తిరిగాడు. "అమ్మా, నీ ఫోన్ యాడుంది?"

"పప్పుడబ్బా మీద. పొద్దున్నించి కోడి పనిలో పడి ఛార్జింగే పెట్టలా."

"రెండు వర్గాలోళ్ళ చేతా, నా చేతా ఒకే పళ్ళెంలో ఫోన్లు పెట్టించిన మనిషివి నువ్వొక్కదానివే. మండలాధ్యక్షురాలివి నువ్వే. ఏమంటావు?"

చెన్నకేశవులు నోరు తెరిచాడు. శ్రీకాంత్ కూడా తెరిచాడు. ఇద్దరి ఫోన్లూ ఆమె అలమరలో ఉన్నాయని ఒకేసారి గుర్తొచ్చి ఇద్దరూ మూశారు. పదేళ్ళుగా మోసిన జెండా చేతిలోంచి జారిపోతుంటే చెన్నకేశవులుకి గుండెలో కలుక్కుమంది. పదవి ఇంట్లోంచి బయటికైతే పోలేదని ఆ వెంటనే సర్దిచెప్పుకున్నాడు. కానీ ఆ సర్దుబాటు లోపలికి దిగలేదు.

సుకన్య కొంగుతో చేతులు తుడుచుకుంది. "మీటింగులు సాయంత్రం పూట పెట్టబాకండి. గేదెల పాలు తీయాలి" అంది.

మంగళవారం పేపర్లో ఫోటో వచ్చింది, కింద 'మండలాధ్యక్షురాలు సుకన్య, తదితరులు' అని వేశారు. ఆ తదితరుల్లో పండు ముందు వరసలో కూర్చుని ఉంది, చెన్నకేశవులు వెనక వరసలో సగం కనిపిస్తున్నాడు.