మొగమెంతో బిల్లంత

మన జిల్లాలో ఇక మీదట ఏ ఫ్లెక్సీ బిల్లూ దిక్కులేకుండా తిరగబోదని, ప్రతి ప్రకటననూ దాని పద్దు కిందికి చేర్చి ఎవరు కట్టాల్సింది వాళ్ళ చేతనే కట్టిస్తామని, ఇట్లాంటి ఏర్పాటు ఆసియా ఖండంలోనే మొదటిదని మామిడి టెంకల వినియోగ మండలి చైర్మన్ వెంకటముని గారు ప్రకటించారు. ప్రకటించింది చిత్తూరు బస్టాండు పక్కన నా టీ అంగట్లో. విలేకరులకు టీ ఇచ్చింది నేనే కాబట్టి ఇది కచ్చితమైన వార్త అని మీరు నమ్మవచ్చు.

చైర్మన్ గారి గురించి తెలియని వాళ్ళకు రెండు మాటలు. మామిడి కాలంలో ఊరంతా టెంకలు పడి వృథా అవుతున్నాయని కనిపెట్టిన మొదటి నాయకుడు ఆయనే. టెంకలన్నీ ఆ మండలి, అంటే మేమనే టెంకల బోర్డు, ఎత్తుకుపోయి దాణా చేయిస్తుందని, ఇచ్చినవాళ్ళకు రేటు కూడా ఇస్తుందని మాటిచ్చారు. మాటివ్వడమే కాదు, దాన్ని ఫ్లెక్సీ మీద వేయించి మూలమూలా కట్టించారు. ఇచ్చిన మాట మీద ఇంతగా నిలబడిన నాయకుణ్ణి నేను చూడలేదు. ఒక్క మా బస్టాండు చుట్టూనే ఆ మాట కొయ్యలకు కట్టి పది చోట్ల నిలబడి ఉండేది.

ఆ ఫ్లెక్సీలన్నీ వేసేది నా అంగడి పక్కనున్న ధర్మేంద్ర. కూతురు పేరు మీద ‘ధరణి పబ్లిసిటీస్’ అని పెట్టుకున్నాడు. గోడల మీద రంగులు వేసే కాలం పోయి ఫ్లెక్సీ కాలం వచ్చిందని, వేలూరు ఫైనాన్సులో మిషను తెచ్చుకున్నాడు. మిషను రాత్రీ పగలూ తిరుగుతుంది. బిల్లులు మాత్రం ఆఫీసుల చుట్టూ తిరుగుతాయి.

చైర్మన్ గారి పుట్టినరోజు బోర్డుల బిల్లు పట్టుకుని ధర్మేంద్ర మొదట పీఏ సుబ్రమణ్యం దగ్గరికి పోయాడు.

“పుట్టినరోజు అభిమానులది కదప్పా, వాళ్ళ నడుగు పో” అన్నాడు పీఏ.

అభిమానులేమో, “బోర్డు మీద టెంకల పథకం ఉండాది కదన్నా, ఆఫీసు నడుగు” అన్నారు. ఆఫీసులో, “పార్టీ గుర్తు ఏసినావే, పార్టీ నడుగు” అన్నారు. పార్టీ ఆఫీసులో ఒక పెద్దాయన బోర్డును కిందా మీదా చూసి, “అన్నిటికంటే పైన వినాయక సామి ఉండాడు. నువ్వు కాణిపాకం పోయి అడుక్కో” అన్నాడు.

ధర్మేంద్ర కాణిపాకం పోయిన మాట నిజమే. కానీ బిల్లు అడగలేదు. దండం పెట్టుకుని వచ్చేశాడు.

“మామా, ఈ నెల ఆఖరి శుక్రవారం లోపల కంతు కట్టకుంటే మిషను విప్పుకోని పోతామన్నారు ఫైనాన్సోళ్ళు” అని నా దగ్గర కూర్చుని టీ కూడా తాగకుండా చెప్పాడు. వాడు టీ వద్దన్నాడంటే విషయం పెద్దదని నాకు అర్థమైంది. ఆ సంగతి చైర్మన్ గారి చెవిన వేసింది నేనే. దాని ఫలితమే పైన చెప్పిన చారిత్రక ప్రకటన.

ప్రకటన వచ్చిన మర్నాడే పని మొదలైంది. ప్రభుత్వం, పార్టీ, అభిమానం, భక్తి అని నాలుగు పద్దులు పెట్టారు. టెంకల బోర్డు అకౌంట్సు చూసే పంకజాక్షి మేడం నాలుగు రంగుల స్టిక్కర్లు తెచ్చుకుని ధర్మేంద్ర అంగట్లో కూర్చున్నారు. ఏ బోర్డు ఏ పద్దుకు చెందితే ఆ రంగు అంటించాలి, ఆ క్లయింటుకు బిల్లు పోవాలి. మొదటి బోర్డుకు నాలుగు రంగులూ అంటించాల్సి వచ్చింది. రెండోదానికీ అంతే. మూడోది పట్టుకుని మేడం కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“సార్, ఇట్ల తెమలదు” అన్నారు చైర్మన్ గారితో. “ఫ్లెక్సీకి రేటు చదరపుటడుగు లెక్కన కదా? బోర్డు మీద ఎవురి మొగం ఎన్ని అడుగులుంటే అన్ని అడుగుల బిల్లు వాళ్ళకి పంపిద్దాం. మొగమెంతో బిల్లంత. క్లయింటు ఎవురని ఎతుక్కునే పనే లేదు.”

చైర్మన్ గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. “సైంటిఫిక్‌గా ఉండాది మేడం! ఈ పొద్దు నుంచే అమలు!”

“మరి దేవుడికి సార్?” అన్నాడు పీఏ.

“దేవుడికి మినహాయింపు” అన్నారు చైర్మన్ గారు. అక్కడున్న వాళ్ళంతా ఆయన భక్తికి తల వంచారు.

ఈ నిర్ణయంతో ఊళ్ళో వచ్చిన మార్పు నేను కళ్ళారా చూశాను. అంతకు ముందు అభిమానులు ధర్మేంద్ర అంగట్లో కొట్లాడుకునే వాళ్ళు. “వాని మొగం దోశంత, నాది ఇడ్లీ అంతనా?” అని ఒకడు కుర్చీ ఎత్తిన రోజు నాకు గుర్తుంది. ఇప్పుడు అదే మనిషి వచ్చి, “అన్నా, నాది రూపాయి బిళ్ళంత చాలు” అన్నాడు. ఇంకొకడు, “నాకు మొగమే వద్దు, మీసం పెట్టు. మావోళ్ళు గుర్తుపడతారు” అన్నాడు. ఐరాల నుంచి వచ్చిన ఒక యువనాయకుడు గమ్మున ధర్మేంద్ర చెవిలో, “నాది తీసేసి మా ఎదురు పార్టీవాని మొగం ఏసెయ్, పెద్దదిగా” అన్నాడు. ఎదురు పార్టీ మనిషి ఫోటోకు కూడా తన బోర్డు మీద చోటిచ్చిన వాణ్ణి ఈ కాలంలో ఎక్కడ చూస్తాం?

మొగాలు తగ్గే కొద్దీ బోర్డు మీద ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో అందరూ దేవుణ్ణే పెంచమన్నారు. ఇంతకు ముందు మూలన నిమ్మకాయంత ఉండే వినాయక సామి ఇప్పుడు బోర్డు నిండా వచ్చాడు. ఊళ్ళో భక్తి ఒక్క వారంలో ఇంతగా పెరగడం చూసి మా ఆడది చంద్రకాంతమ్మ, “చైర్మన్ మంచోడే” అన్నది. ఆమె ఇప్పటి వరకు నన్ను కూడా ఆ మాట అనలేదు.

ధర్మేంద్ర మాత్రం తలపట్టుకున్నాడు. “సామికి బిల్లు లేదు, మీసానికి ఎంతని ఏసేది మామా?”

ఇంకొక్క పెద్ద మొగం మిగిలి ఉంది. సెల్‌ఫోను చెవిన పెట్టుకుని నవ్వే చైర్మన్ గారిది. పంకజాక్షి మేడం దాన్ని టేపుతో కొలిచి, వచ్చిన లెక్కను మర్యాదగా పీఏ చేతికి ఇచ్చారు. పీఏ దాన్ని చైర్మన్ గారికి చూపించాడు. చైర్మన్ గారు నవ్వు ఆపి చాలాసేపు తన మొగాన్ని తానే చూసుకున్నారు.

“నా మొగం ఇంత పెద్దదా సుబ్రమణ్యం?”

“మీరే కదా సార్, గాంధీ రోడ్డు నుంచి కనిపించాల అన్నారు.”

మర్నాడు పాత బోర్డులన్నీ దించేసి కొత్తవి కట్టారు. వాటిలో చైర్మన్ గారు వెనక్కి తిరిగి ఉన్నారు. తెల్ల చొక్కా వీపు, నూనె పెట్టి దువ్విన వెనక తల, కాలరు మీద ఒక పుట్టుమచ్చ. విలేకరులు అడిగితే ఆయన ఇట్లా చెప్పారు: “ప్రజలకు దారి చూపేవాడు ముందు నడుస్తాడు. ముందు నడిచేవాని వీపు కాకుంటే ఏం కనపడుతుందప్పా?” వీపు మొగం కాదు కాబట్టి దానికి పద్దు లేదని మేడం ఒప్పుకోక తప్పలేదు.

నాయకుడు తిరిగితే అభిమానులు ఊరుకుంటారా? వారం తిరిగేసరికి ఊళ్ళో ఏ బోర్డు చూసినా ఇరవై మంది వరసగా వీపులు చూపించి నిలబడి ఉన్నారు. బస్సు దిగిన యాత్రికులు, “వీళ్ళంతా యాడికి పోతా ఉండారు?” అని నన్నడిగేవాళ్ళు. “ప్రగతి వైపు” అని నేను చెప్పేవాణ్ణి.

“మొగమే లేకుంటే బిల్లు ఎవురికి రాసేది సార్?” అని బుధవారం ధర్మేంద్ర దాదాపు ఏడ్చాడు. “ఎల్లుండి మిషను పోతుంది.”

చైర్మన్ గారిది మెత్తని మనసు. చుట్టూ చూశారు. నేను టీ వడగడుతున్నాను. “ఇదంతా ఎవురి కోసం? ప్రజల కోసం. కాబట్టి ప్రజల మొగం పెట్టు. కుప్పుస్వామీ, ఇట్ల చూడు” అన్నారు. పీఏ సెల్‌ఫోనుతో ఫోటో కొట్టాడు.

తెల్లారేసరికి నేను బస్టాండు ఎదుట ఇరవై అడుగుల ఎత్తున టీ గ్లాసు పట్టుకుని నవ్వుతున్నాను. నా ముక్కే నిలువునా నా అంగడంత ఉంది. కింద ‘టెంక మనది, బాధ్యత మనది’ అని రాసి ఉంది. నేను అటు పక్కకు పోయి, ఇటు పక్కకు వచ్చి, రోడ్డు దాటి కూడా చూసుకున్నాను. చంద్రకాంతమ్మ వచ్చి చూసి, “ఇంట్లో ఒకటి చాల్లేదా?” అనేసి పోయింది. ఓర్వలేక అన్నదని నాకు తెలుసు.

పది గంటలకు ధర్మేంద్ర తల వంచుకుని వచ్చి బిల్లు నా చేతిలో పెట్టాడు. పాత బోర్డులు, పుట్టినరోజు, వీపులు, అన్నీ కలిపి ఒకే పద్దు. క్లయింటు: ప్రజలు, కేరాఫ్ కుప్పుస్వామి టీ అంగడి.

“పద్ధతి కోసం ఇస్తా ఉండా మామా. నిన్నేం అడగనులే” అన్నాడు. “రేపు పొద్దున ఫైనాన్సోళ్ళు లారీ తెస్తారంట.”

ఇద్దరం ఆ బిల్లు వైపు చూస్తుండగానే మార్కెట్టులో మామిడి పళ్ళు అమ్మే రహిమున్నీసా వచ్చింది. బోర్డు మీద నన్ను, అంగట్లో నన్ను మార్చి మార్చి చూసింది.

“కుప్పుస్వామన్నా, టెంకల బోర్డు నీదేనంట కదా! చెప్పనే లేదే!” అని ఒక అర్జీ నా ముందర పెట్టింది. “ఎత్తుకపోతామంటే నమ్మి, మా వీధి టెంకలన్నీ మా ఇంటి ముందర పోగు చేసినా. ఒక్కటి ఎత్తలేదు. ఈగలకి జవాబు చెప్పలేక చస్తా ఉండా.”

సరిగ్గా అప్పుడే చైర్మన్ గారు ప్రజల మొగాన్ని పరిశీలించడానికి కారు దిగారు. బస్టాండులో ఒక్కరూ లేవలేదు. ఒకాయన ఆయన్ని పక్కకు తోసి బస్సెక్కాడు. ఆయన నవ్వు తెచ్చుకుని నేరుగా రహిమున్నీసా దగ్గరికి వచ్చి చెయ్యి చాపారు.

“ఆ అర్జీ నాకియ్యమ్మా. నేను చైర్మన్ని.”

ఆమె ఆయన్ని పైనుంచి కింది దాకా చూసి అర్జీ కొంగు కింద దాచుకుంది. “ఊరికే ఉండప్పా. ఎవురెవురో వచ్చి చైర్మన్ననేది, అర్జీలు గుంజుకునేది!”

“నిజంగా సారేనమ్మా!” అన్నాడు పీఏ.

“ఈ మొగం ఈ మధ్య ఏ బోర్డు మీదా చూళ్ళేదే!”

పీఏకు వెంటనే ఆలోచన వచ్చింది. “సార్, కొంచెం ఇట్ల తిరగండి” అని భుజాలు పట్టి ఆయన్ని వెనక్కి తిప్పాడు. వెనక తల, తెల్ల చొక్కా, కాలరు మీద పుట్టుమచ్చ.

“యా అల్లా, ఈ సారా!” అన్నది రహిమున్నీసా. “ముందే చెప్పేది కాదా, ఈ సారు నాకు బాగా తెలుసు!” అర్జీని ఆ వీపుకు ఆనించి, జారకుండా అరచేత్తో అదిమి పట్టింది.

చైర్మన్ గారు తిరగకుండానే గొంతెత్తి, “ధర్మేంద్రా! ఈ వీపులన్నీ పీకేసెయ్! నా మొగం పెట్టు! నలభై అడుగులు!” అన్నారు.

“పాత బాకీ తీరితే గానీ మిషను తిరగదు సార్.”

పీఏ తోలు సంచీ తెరిచి అక్కడికక్కడే అణా పైసలతో లెక్కపెట్టి ఇచ్చాడు. ధర్మేంద్ర నోట్లు కళ్ళకద్దుకుని, “రసీదు ఎవురి పేరుతో సార్?” అన్నాడు.

“ప్రజల పేరుతోనే రాయి.”

అట్లా ఆ రసీదు నా పేరున వచ్చింది. ఇప్పుడు ఫ్రేము కట్టించి అంగట్లో పెట్టుకున్నాను. ధర్మేంద్ర ఆ రోజు రెండు టీలు తాగాడు.

“టెంకల సంగతేంది సార్?” అని రహిమున్నీసా మళ్ళీ అడిగింది. చైర్మన్ గారు చేతి గడియారం చూసుకుని కారు వైపు నడిచారు. అప్పుడు బస్టాండు బస్టాండంతా ఆయన్ని ఒక్కసారిగా గుర్తుపట్టి, లేచి నిలబడి దండం పెట్టింది.