సీటు దించుటకు అనుమతి కోరుతూ

భూమ్మీద కాలు మోపే హక్కు మనిషికి పుట్టుకతోనే వస్తుందని చాలామంది అనుకుంటారు. పొరపాటు. ఆ హక్కు రవాణా కార్యాలయం రెండో అంతస్తులో, ఎత్తుల సవరణ విభాగంలో, నిచ్చెన గారి సంతకంతో వస్తుంది. నాకు రాలేదు. అందుకు పూర్తి బాధ్యుడు నిచ్చెన గారేనని ఇందుమూలంగా పదిమందికీ తెలియజేస్తున్నాను. (ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు వేరే ఉండే ఉంటుంది. గుమ్మం దగ్గర తల వంచి లోపలికొచ్చే మనిషిని ఆఫీసంతా నిచ్చెన అనే అంటుంది. ఆయనా పలుకుతాడు.)

నేను పొట్టివాణ్ణి. ఎనిమిదో తరగతిలో బడి మానేసి, ఒక పెద్ద భవనంలో లిఫ్టు నడిపే పనిలో చేరాను. అప్పట్నుంచీ జనాన్ని పైకి చేరుస్తున్నాను; సాయంత్రానికి నేను మాత్రం కిందే తేలతాను. అలాంటి మనిషికి నలభై ఎనిమిదో ఏట స్పోర్ట్స్ బైకు మీద కోరిక పుట్టింది. పాతదే, ఎర్రది, కొన్నాను. కదులుతున్నంతసేపూ నాకూ దానికీ పేచీ లేదు. ఆగితేనే వచ్చింది చిక్కు. నా బొటనవేలు నేలను వెతుక్కుంటుంది, దొరకదు. అందుకని ఎప్పుడూ ఫుట్‌పాత్ పక్కనే ఆగేవాణ్ణి. ఒకనాడు ఫుట్‌పాత్ లేనిచోట ఎర్రదీపం వెలిగింది. మెల్లగా, మర్యాదగా పక్కకు ఒరిగిపోయాను. స్కూటర్ మీదున్న పెద్దావిడ "నిద్రొచ్చిందా బాబూ?" అని అడిగింది.

మా ఆవిడ ఇంట్లో తీర్పు చెప్పింది.

"బండి కొన్నారా, మేడ కొన్నారా? ఎక్కడానికి స్టూలు, దిగడానికి నేను. నెలాఖరులోగా ఆ సీటన్నా దిగాలి, బండన్నా మా తమ్ముడికి పోవాలి."

ఆ తమ్ముడు, అంటే నా బావమరిది, ఆరడుగుల మనిషి. ముందుజాగ్రత్తగా హెల్మెట్ కూడా కొనిపెట్టుకున్నాడు.

మెకానిక్ దగ్గరికి పరిగెత్తాను.

"ఏముందన్నా, సీటులో నురుగు కోస్తే ఒక అంగుళం. వెనక షాకబ్జార్బరు దగ్గర లింకు మారిస్తే ఇంకో అంగుళం. వెనక దించినంత ముందు ఫోర్కూ దించాలి, లేదంటే మలుపులో మాట వినదు. సైడు స్టాండూ కోయాలి. బండి కిందికొచ్చి స్టాండు అలాగే ఉంటే అవతలి పక్కకు పడుకుంటది."

"అయితే కానియ్."

"రవాణా ఆఫీసు కాగితం తెస్తే కానిస్తా. కాగితం లేకుండా ఒకాయనకు అరంగుళం దించానని షెడ్డుకు సీలేశారు. ఆ అరంగుళం మళ్లీ పెంచాకే తీశారు."

ఆ ఆఫీసులో పొట్టివాళ్ల దరఖాస్తులు తీసుకునే కిటికీ సరిగ్గా నా నుదుటి ఎత్తున ఉంది. లోపలున్న గుమాస్తా "ఎవరూ లేరు, తర్వాతివాళ్లు రండి" అంది. చెయ్యి పైకెత్తి ఊపాను. ఎత్తుకు సంబంధించిన చేతులన్నీ నిచ్చెన గారి గదికి పంపాలట. పంపింది.

"సీటు ఎందుకు దించాలి?" అన్నాడాయన.

"కాళ్లు అందట్లేదు సార్."

"కాళ్లు అందకపోవడం మీలో లోపం. బండి మీద ఫిర్యాదు ఎలా తీసుకోమంటారు?"

"రెంటిలో ఏది సవరించినా నాకు సమ్మతమే సార్."

"బండి తయారుచేసినవాళ్ల అంగీకారం తెప్పించుకోవచ్చు. మిమ్మల్ని తయారుచేసినవాళ్లు?"

"మా నాన్న పోయారు సార్."

"అదిగో" అన్నాడు, నేనే ఏదో ఒప్పుకున్నట్టు. తర్వాత నిబంధన తీశాడు. సీటు దించే సౌకర్యం ఐదడుగులకు మించని చోదకులకే వర్తిస్తుంది. నాది ఐదడుగుల రెండున్నర అంగుళాలని చెప్పాను.

"మీరు మాకు చాలా పొడుగండీ."

ఆ మాట ఒకరి నోట వినడం నా జన్మలో అదే మొదలు. బయటికొచ్చి మా ఆవిడకు ఫోన్ చేశాను. "ఎవరన్నారు, కళ్లజోడు పెట్టుకున్నాడా?" అంది.

వరండాలో బంట్రోతు నన్ను జాలిగా చూశాడు. "ఏం గురువుగారూ, ఇంత వయసొచ్చింది, ఆఫీసులో నిటారుగా నిలబడతారా? లోపలికెళ్లి కొలిపించుకోండి. మోకాళ్లు కాస్త వంచండి. అందరూ వంచేదే."

వంచాను. కొలిచే అధికారి తల పైభాగాన్ని మాత్రమే పరిశీలించాలని నియమం. (మోకాళ్లు వేరే విభాగం.) నిచ్చెన గారు నియమం తప్పని మనిషి. ఐదడుగులు అని రాసి, కంప్యూటర్లో ఎక్కించి, కింది అంతస్తులో అనుమతి తీసుకోమన్నాడు. నాకు ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది. అవి మాత్రం నాకు అందుబాటులోనే ఉన్నాయి.

కింద కూర్చున్న మేడమ్ తెర చూసి కళ్లద్దాలు సవరించుకుంది.

"మీకు స్పోర్ట్స్ బండి లైసెన్సు ఎవరిచ్చారండీ? ఐదడుగుల ఒక అంగుళం లోపు వాళ్లకు ఆ తరగతి లేదు. రద్దయిపోయింది. లైసెన్సు లేనివాళ్లకు సీటు దించే వీల్లేదు."

"ఇప్పుడే పైన ఐదడుగుల రెండున్నర ఉన్నానమ్మా."

"పైన ఎంతున్నారో నాకనవసరం. కింద ఐదు."

"పోనీ, మళ్లీ పెంచండి."

"పెరుగుదలకు వేరే దరఖాస్తు ఉంది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలే పెట్టుకోవాలి." నా మొహం చూసి, "పిల్లలుంటే తీసుకురండి" అంది.

నిచ్చెన గారి దగ్గరికి తిరిగి వెళ్లాను. రెండోసారి కొలవడం మొదటి కొలతను అవమానించడమే అవుతుందన్నాడు. ఆయన కంఠంలో కోపం లేదు. అదే నాకు మండింది.

నెలాఖరున బావమరిది వచ్చి తాళం తీసుకున్నాడు. "మొహం అలా పెట్టకు బావా, ఎక్కు, ఒక రౌండు వేసొద్దాం" అన్నాడు. ఈ బైకుల్లో వెనక సీటు ముందుదానికన్నా ఎత్తు. చంకల కింద చేతులేసి అతనే ఎక్కించాడు. మా ఆవిడ గుమ్మంలోంచి "జాగ్రత్తరా, గట్టిగా పట్టుకోమను" అంది, తమ్ముడితో.

సిగ్నల్ దగ్గర అతని రెండు పాదాలూ నేల మీద చదునుగా ఆనాయి. మోకాళ్లు వంగి, కాలు ఇంకా మిగిలిపోయింది.

"సీటు మరీ కిందికుంది బావా. రేపు ఒక అంగుళం లేపిస్తా."

"కాగితం కావాలి" అన్నాను, చాలా ఆశగా.

"పెంచడానికి అక్కర్లేదట. మీ మెకానిక్కే చెప్పాడు."

ఆ ఎత్తుల సవరణ విభాగం ఏమీ తగ్గించదని బయట అపవాదు ఉంది. అది నిజం కాదు. నాకు రెండున్నర అంగుళాలు తగ్గించారు.